కెల్టిక్ తెగలు, వాటి నేలలు: రోమన్లకు ముందు, రోమన్ల ఏలుబడిలో – తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి, చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడి మ్యూజియంలు చూసినవాళ్ళకి ఎక్కువగా వచ్చే సందేహాలు ఇవి. గాల్ అంటే సుమారుగా నేటి ఫ్రాన్స్, బెల్జియం, స్విట్జర్లాండ్‌లో కొంత భాగం. బ్రిటన్ గురించి కాస్త ఎక్కువే రాశాను. తెగల పేర్లు నాణేల మీద, రాళ్ళ మీద, చెక్క పలకల మీద దొరికి, ఒకదాన్ని పక్కన పెట్టి ఇంకోదాన్ని సరిచూసుకునే వీలు అక్కడ బాగా ఉంది.

కెల్టులు ఒక జాతా? వాళ్ళకి ఒక రాజ్యం ఉండేదా?

అందరికీ కలిపి ఒక రాజ్యం ఎప్పుడూ లేదు. దగ్గరి చుట్టరికం ఉన్న భాషలు మాట్లాడుతూ, ఇంచుమించు ఒకే తరహా కత్తులు, నగలు వాడిన బోలెడన్ని జనసమూహాలను మనం ఇప్పుడు కెల్టులు అని కలిపి పిలుస్తున్నాం. స్పెయిన్ నుంచి టర్కీ నడిమధ్య దాకా ఈ భాషలు వినిపించాయి. గాల్‌ని జయించిన రోమన్ సేనాని సీజర్ రాసినదాని ప్రకారం తమను తాము కెల్టులు అనుకున్నది గాల్ మధ్యభాగంలో ఉన్నవాళ్ళే; ఉత్తరాన బెల్జీలు, నైరుతిలో అక్విటానులు వేరు. బ్రిటన్ వాళ్ళనైతే ప్రాచీన రచయితలు కెల్టుల్లో కలపలేదు. భాషలను పోల్చి చూసి ఆ బంధుత్వాన్ని గట్టిగా చెప్పినవాడు ఎడ్వర్డ్ ల్హూయిడ్ అనే వెల్ష్ పండితుడు, అదీ 1707లో.

ఒక తెగ అంటే ఎంతమంది? లోపల ఎవరి మాట చెల్లేది?

తెగకీ తెగకీ చాలా తేడా ఉండేది. కొన్ని లోయలకు పరిమితమైనవి ఉన్నాయి, చిన్న దేశమంత ఉన్నవీ ఉన్నాయి. క్రీ.పూ. 58లో నేటి స్విట్జర్లాండ్ నుంచి హెల్వెటీలు ఇళ్ళు తగలబెట్టుకుని, పిల్లాపాపలతో పడమరకి బయల్దేరారు. సీజర్ వాళ్ళని ఓడించాక శిబిరంలో గ్రీకు అక్షరాలతో రాసిన జాబితాలు దొరికాయట. వెంట వచ్చిన మిత్రులతో కలిపి 3,68,000 మంది అని, వాళ్ళలో ఆయుధం పట్టగలవాళ్ళు 92,000 మంది అని ఆయన లెక్క చెప్పాడు. సీజర్ అంకెల్ని అలాగే నమ్మడానికి లేదు గానీ, పేరుపేరునా జనాభా రాసుకునే అలవాటు వాళ్ళకి ఉందన్నది గమనించాల్సిన విషయం.

హెల్వెటీల్లో నాలుగు ఉపభాగాలు ఉండేవి. అసలు బలం పెద్ద కుటుంబాలది. ఓర్జెటోరిక్స్ అనే హెల్వెటీ దొర మీద విచారణ పెడితే, తన మనుషులే పదివేల మందిని వెంటబెట్టుకుని హాజరయ్యాడు. ఇక విచారణ ఏం జరుగుతుంది! బుర్గుండి ప్రాంతంలోని ఎడ్యుయీల దగ్గర మాత్రం రాజు లేడు. ఏడాదికి ఒకరిని పెద్దగా ఎన్నుకునేవారు, ఆయన్ని వెర్గోబ్రెట్ అనేవారు. పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆయన తెగ పొలిమేర దాటకూడదు. కాబట్టి కెల్టులందరూ ఏదో ఒక రాజు కింద బతికారనుకోవడం సరికాదు.

మ్యాపుల్లో రంగులేసి చూపించే సరిహద్దులు నిజమేనా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ గీతలను నమ్మకండి. తెగల కేంద్రాలు చాలావరకు నిజమే. ఒక తెగ ఎక్కడ ఆగి ఇంకో తెగ ఎక్కడ మొదలైందో చూపే గీతలు మాత్రం ఇప్పటివాళ్ళు గీసినవి.

బ్రిటన్ మ్యాపుకి ఆధారాలు ప్రధానంగా మూడు. మొదటిది క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ రాసిన భూగోళ గ్రంథం. అందులో ఒక్కో తెగ పేరు, దాని కింద ఊళ్ళు ఉంటాయి, సరిహద్దులు ఉండవు. పైగా అది రోమన్లు వచ్చి వందేళ్ళు దాటాక రాసింది. లండన్‌ని ఆయన కెంట్ తెగ కిందికి చేర్చాడు. ఆ ఊరేమో థేమ్స్‌కి ఉత్తరపు గట్టున ఉంది. వేడినీటి ఊటలున్న బాత్ పట్టణాన్ని బ్రిటన్‌లోని బెల్జీల కింద రాశాడు. అక్కడ దొరికే నాణేలు చూస్తే డోబున్ని తెగ వైపు మొగ్గు కనిపిస్తుంది.

రెండో ఆధారం ఆ నాణేలే. క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి ఆగ్నేయ బ్రిటన్‌లో స్థానిక రాజులు బంగారు, వెండి నాణేలు ముద్రించారు. క్యూనోబెలిన్ నాణెం ఒక వైపు బార్లీ కంకి ఉంటుంది. దానికి అటూ ఇటూ సీఏ, ఎంవీ అని లాటిన్ అక్షరాలు. అంటే కాములోడునం, నేటి కోల్‌చెస్టర్. అతని సమకాలికుడు వెరికా తన నాణెం మీద ద్రాక్షాకు వేయించాడు. ఇవి ఎక్కడెక్కడ ఎక్కువ దొరికితే అది ఆ రాజు ప్రాంతం అని పండితులు గీత గీస్తారు. అయితే నాణెం చేతులు మారుతుంది, కట్నాల్లో పోతుంది, దోపిడీలో పోతుంది. పైగా నాణేల మీద ఉండేది చాలావరకు రాజు పేరు, ఊరి పేరు. తెగ పేరు అరుదు. నైరుతి మూలన ఉన్న డమ్నోనీలు, ఉత్తరాన ఉన్న బ్రిగాంటీస్ అసలు నాణేలే వేయలేదు. వాళ్ళ హద్దులు ఈ పద్ధతిలో ఎలా గీస్తారు?

మూడోది రోమన్ కాలపు శాసనాలు. గట్టి ఆధారం ఇదే, అయితే ఇది చెప్పేది రోమన్లు ఏర్పరిచిన జిల్లాల గురించి. ముందున్న తెగల్ని వాళ్ళు ఎక్కడ కలిపారో, ఎక్కడ విడగొట్టారో అది చెప్పదు. క్రీ.పూ. 54లో తనకి లొంగాయని సీజర్ రాసిన ఐదు చిన్న తెగల పేర్లు చూడండి: సెనిమాగ్ని, సెగోంటియాసి, అంకలైటీస్, బిబ్రోసి, కాసి. వందేళ్ళ తర్వాత వచ్చిన రోమన్ల లెక్కల్లో వీటిలో నాలుగు ఎక్కడా కనిపించవు. సెనిమాగ్ని ఒక్కటీ తర్వాతి ఐసీనీలే కావచ్చని కొందరి ఊహ. మిగతావాళ్ళు పెద్ద తెగల్లో కలిసిపోయి ఉంటారు. క్రీ.పూ. 54 మ్యాపు, క్రీ.శ. 150 మ్యాపు ఒకటి కావు. ఇంటర్నెట్‌లో తిరిగే మ్యాపులు రెండింటినీ కలిపేసి చూపిస్తాయి.

సీజర్ వచ్చేనాటికి గాల్‌లో ఎవరెవరు బలవంతులు?

మధ్యలో ఎడ్యుయీలు, వాళ్ళకి నైరుతిన నేటి ఓవెర్న్ కొండల్లో ఆర్వెర్నీలు. ఈ రెండు తెగలది పాత పగ. తూర్పున సెక్వానీలు ఆర్వెర్నీల పక్షం. ఎడ్యుయీల్ని దెబ్బతీయడానికి సెక్వానీలు రైన్ అవతలి నుంచి జర్మన్ నాయకుడు అరియోవిస్టస్‌ని పిలిపించుకున్నారు. అతను వచ్చి పిలిచినవాళ్ళ నేలలోనే మూడో వంతు ఆక్రమించాడు. ఎడ్యుయీలు రోమ్‌కి ఎప్పటి నుంచో 'సోదరులు', మిత్రులు. సీజర్ గాల్‌లో అడుగుపెట్టడానికి సాకు దొరికింది ఈ తగాదాలోనే.

ఉత్తరాన బెల్జీల్లో నెర్వీలు మొండివాళ్ళు. వాళ్ళకి పక్కనే ఉన్న రెమీలు మొదటి రోజు నుంచే సీజర్ పక్షాన చేరి లాభపడ్డారు. బ్రిటనీ తీరంలో వెనెటీలు ఓక్ చెక్కతో పెద్ద ఓడలు కట్టి, బ్రిటన్‌తో వ్యాపారం చేసేవాళ్ళు; క్రీ.పూ. 56లో సముద్రం మీదే ఓడిపోయారు.

అంత పెద్ద గాల్ ఎనిమిదేళ్ళలో ఎలా పడిపోయింది?

పైన చెప్పిన పగల వల్లే సగం. ప్రతి తెగకీ రోమన్ల కన్నా పక్క తెగే పెద్ద శత్రువులా కనిపించింది. అందరూ ఒక్కటైంది ఒక్కసారే, క్రీ.పూ. 52లో, ఆర్వెర్నీ యువకుడు వెర్సింజెటోరిక్స్ నాయకత్వంలో. అప్పటికి ఆలస్యమైంది. ఎడ్యుయీలు కూడా చివరికి రోమ్‌ని వదిలి అతనితో చేరారు.

గెర్గోవియాలో సీజర్‌ని వెనక్కి తరిమిన వెర్సింజెటోరిక్స్ తర్వాత అలేసియా కొండకోటలో చిక్కుకున్నాడు. సీజర్ కొండ చుట్టూ సుమారు 16 కిలోమీటర్ల కందకం, గోడ కట్టించాడు. బయటి నుంచి సాయం వస్తుందని తెలిసి, దాని వెలుపల 21 కిలోమీటర్ల పొడవున ఇంకో గోడ కట్టించాడు. ఈ కథలో తక్కువగా చెప్పుకునేది మాండుబీల గురించి. అలేసియా వాళ్ళ ఊరు. తిండి అయిపోతోందని, యుద్ధానికి పనికిరాని వాళ్ళ ముసలివాళ్ళని, ఆడవాళ్ళని, పిల్లల్ని కోటలోంచి బయటికి పంపేశారు. బానిసలుగానైనా తీసుకోమని వాళ్ళు వేడుకుంటే సీజర్ కాదన్నాడు. సొంత ఊరి గోడకీ రోమన్ గోడకీ మధ్య చిక్కుకుపోయారు. సీజర్ స్వయంగా రాసిన సంగతే ఇది. వెర్సింజెటోరిక్స్ లొంగిపోయి, ఆరేళ్ళు చెరలో ఉండి, క్రీ.పూ. 46లో రోమ్‌లో విజయయాత్ర తర్వాత మరణశిక్షకు గురయ్యాడు. ఎడ్యుయీ, ఆర్వెర్నీ ఖైదీల్ని మాత్రం సీజర్ తిరిగి ఇచ్చేశాడు. ఆ రెండు తెగలతో ఇంకా పని ఉంది మరి.

తెగలకు తెగలే తుడిచిపెట్టుకుపోయాయంటారు, నిజమేనా?

చూసి నమ్మాలి. నెర్వీల అరవై వేల మంది యోధుల్లో అయిదు వందల మందే మిగిలారని క్రీ.పూ. 57లో సీజర్ రాశాడు. మూడేళ్ళు తిరక్కుండా అదే నెర్వీలు రోమన్ శిబిరాన్ని ముట్టడించారు! గెలిచినవాడు రాసుకున్న అంకెలు అలాగే ఉంటాయి.

ఎబురోన్ల కథ వేరు. క్రీ.పూ. 54 శీతాకాలంలో అంబియోరిక్స్ నాయకత్వంలో వాళ్ళు పదిహేను కోహోర్టుల (రోమన్ దళాల) సైన్యాన్ని మాటు వేసి చంపారు. మరుసటి ఏడాది సీజర్ చుట్టుపక్కల తెగలన్నిటికీ ఎబురోన్లని దోచుకోవచ్చని కబురు పంపాడు, ఊళ్ళు తగలబెట్టించాడు. ఆ తర్వాత చరిత్రలో ఆ పేరు వినబడదు. అదే నేలలో టుంగ్రీలనే కొత్త పేరు కనిపిస్తుంది. బెల్జియంలోని టోంగెరెన్ వాళ్ళ పట్టణమే. మనుషులందరూ చచ్చిపోయారనడం కష్టం. పేరుని మాత్రం చంపేశారు.

బ్రిటన్‌లో ఏ తెగ ఎక్కడ ఉండేది? నేను ఉంటున్న ఊరు ఎవరి నేల?

లెస్టర్‌లో ఉంటే అది కొరియెల్టౌవిల పట్టణం, అప్పటి పేరు రాటై. ఈ తెగని చాలాకాలం 'కొరిటాని' అని రాసేవారు. ఒక పెంకు మీద గీసిన రాత దొరికాక 1980లలో పేరు సరిదిద్దుకున్నారు. పాత పుస్తకాల్లో కొరిటాని అని కనబడితే తికమకపడకండి. ఈ జిల్లాలోనే హాలటన్ దగ్గర 2000లో ఐదు వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి.

కోల్‌చెస్టర్, ఎసెక్స్ ట్రినోవాంటీస్‌వి. వాళ్ళకి పడమట, లండన్‌కి ఉత్తరాన కాటువెల్లౌనీలు. సెయింట్ ఆల్బన్స్ వాళ్ళ వెరులేమియం. క్రీ.శ. 1వ శతాబ్దం మొదట్లో కాటువెల్లౌనీ రాజవంశం ట్రినోవాంటీస్‌ని మింగేసి కోల్‌చెస్టర్ నుంచి ఏలింది. నార్ఫోక్ ఐసీనీలది. కెంట్ పేరే ఆ తెగది, కాంటర్బరీ వాళ్ళ ముఖ్యపట్టణం. సీజర్ నాటికి ఆ ఒక్క కెంట్‌లోనే నలుగురు రాజులు ఉన్నారు.

రెడింగ్ దగ్గర సిల్చెస్టర్ అట్రెబాటీస్‌ది, వించెస్టర్ బెల్జీలది. సైరెన్‌సెస్టర్, గ్లోస్టర్ వైపు డోబున్నీలు, డోర్సెట్‌లో డురోట్రిగీస్, ఎక్సెటర్ నుంచి కార్న్‌వాల్ దాకా డమ్నోనీలు. ష్రోప్‌షైర్‌లో కొర్నోవీలు. వేల్స్ ఆగ్నేయాన, కార్డిఫ్, న్యూపోర్ట్ వైపు సిలూరీస్. నైరుతిన డెమెటీలు, ఉత్తరాన ఒర్డొవీసీస్. లీడ్స్, యార్క్, మాంచెస్టర్ చుట్టుపక్కల నేలంతా బ్రిగాంటీస్‌ది. అందరిలోకి పెద్దది ఇదే. ఒక తెగ అనేకన్నా చిన్న తెగల కూటమి అనడం మేలు. హల్ పక్కన పారిసీలు. రథాన్ని కూడా పెట్టి మనిషిని పూడ్చే ఆచారం వాళ్ళ నేలలో ఉండేది. 2018లో పాక్లింగ్టన్‌లో బయటపడిన సమాధిలో గుర్రాలను రథానికి కట్టి, నిలబెట్టినట్టుగా పూడ్చారు.

బర్మింగ్‌హామ్ వాళ్ళు అడగకండి, అది ఎవరి నేలో తేల్చి చెప్పలేని చోటు.

పారిసీలు, అట్రెబాటీస్ రెండు దేశాల్లోనూ ఎందుకున్నారు?

అట్రెబాటీస్ విషయంలో కథ తెలుసు. ఉత్తర గాల్‌లో (నేటి అరాస్) ఆ తెగకి సీజర్ నిలబెట్టిన రాజు కొమ్మియస్. తర్వాత సీజర్‌కే ఎదురుతిరిగాడు, ఓడిపోయి బ్రిటన్‌కి పారిపోయాడు. అక్కడ అతని పేరున్న నాణేలు దొరికాయి. అతని కొడుకునని చెప్పుకున్న ఎప్పిల్లస్ 'కాలెవా రాజు' అని నాణెం వేయించాడు. కాలెవా అంటే సిల్చెస్టర్. పారిస్‌కి పేరిచ్చిన పారిసీలకీ యార్క్‌షైర్ పారిసీలకీ పేరు, రథాల ఆచారంలో పోలిక ఉన్నాయి గానీ, వలస జరిగిందని చెప్పే రాత ఒక్కటీ లేదు.

ఆడవాళ్ళు రాజ్యాలు ఏలారన్నది ఎంతవరకు నిజం?

ఇద్దరి గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ స్పష్టంగా రాశాడు. బ్రిగాంటీస్ రాణి కార్టిమాండువా రోమ్‌తో కలిసి నడిచింది. రోమన్ల మీద ఏళ్ళ తరబడి పోరాడి, ఓడి ఆశ్రయం కోరిన కాటువెల్లౌనీ రాకుమారుడు కరాటకస్‌ని క్రీ.శ. 51లో సంకెళ్ళు వేసి అప్పగించేసింది. తర్వాత భర్త వెనూటియస్‌ని వదిలి అతని ఆయుధాలు మోసే వెల్లోకాటస్‌ని పెళ్ళాడింది. క్రీ.శ. 69లో వెనూటియస్ తిరగబడితే రోమన్ దళాలు ఆమెని ప్రాణాలతో తప్పించాయి. రాజ్యం అతని చేతికి పోయింది, రెండేళ్ళలో రోమన్ల చేతికి పోయింది. ఇంకొకరు ఐసీనీల బౌడికా.

రాణుల సంగతి అలా ఉంచితే, మామూలు ఇళ్ళ గురించి ఈ మధ్య ఒక గొప్ప ఆధారం దొరికింది. డోర్సెట్‌లోని వింటర్‌బోర్న్ కింగ్‌స్టన్‌లో డురోట్రిగీస్ శ్మశానం ఉంది. అక్కడి యాభైకి పైగా అస్థిపంజరాల డీఎన్ఏ ఫలితాలు 2025 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చాయి. పూడ్చిన వాళ్ళలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే తల్లి వంశానికి చెందినవాళ్ళు. మగవాళ్ళ వైపు వంశాలు మాత్రం రకరకాలు. అంటే పుట్టింట్లో ఉండిపోయింది ఆడపిల్లలు, బయటి నుంచి వచ్చింది అల్లుళ్ళు. అక్కడ ఇల్లరికమే రివాజన్నమాట. బ్రిటన్ ఆడవాళ్ళ గురించి రోమన్ రచయితలు విడ్డూరంగా రాసిన మాటల్ని కట్టుకథలని కొట్టిపారేయడం ఇక అంత సులువు కాదు.

బౌడికా తిరుగుబాటుకి కారణం ఏమిటి?

వీలునామా, అప్పులు, భూమి. ఐసీనీ రాజు ప్రాసుటాగస్ చనిపోతూ తన ఇద్దరు కూతుళ్ళతో పాటు చక్రవర్తి నీరోని కూడా వారసుడిగా రాశాడు, అలాగైనా మిగతాది కూతుళ్ళకి దక్కుతుందని. రోమన్ అధికారులు మొత్తం కాజేశారు. అతని భార్య బౌడికాని కొరడాలతో కొట్టారు, కూతుళ్ళ మీద అత్యాచారం చేశారు. అదే సమయంలో రోమ్‌లోని ధనికులు బ్రిటన్ దొరలకిచ్చిన అప్పులు ఒక్కసారిగా రాబట్టబోయారని చరిత్రకారుడు డియో రాశాడు. ఆ పేర్లలో తత్వవేత్త సెనెకా కూడా ఉన్నాడు. పక్కన ట్రినోవాంటీస్‌ది ఇంకో బాధ. కోల్‌చెస్టర్‌లో స్థిరపడ్డ మాజీ సైనికులు వాళ్ళ పొలాలు లాక్కుని, వాళ్ళనే బానిసలని తిట్టేవారు. చక్రవర్తి క్లాడియస్ పేరిట కట్టిన గుడి ఖర్చు కూడా స్థానికుల నెత్తినే.

క్రీ.శ. 60లోనో 61లోనో గవర్నర్ సూటోనియస్ పౌలినస్ వేల్స్ చివర ఆంగ్లెసీ దీవిలో డ్రూయిడ్ పూజారుల మీద దాడికి వెళ్ళిన అదను చూసి రెండు తెగలూ లేచాయి. కోల్‌చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్ బూడిదయ్యాయి. చచ్చినవాళ్ళు 70,000 మంది అని టాసిటస్ అంకె. అది ఎక్కువే కావచ్చు గానీ మంట నిజం: లండన్, కోల్‌చెస్టర్‌లలో పునాదులు తవ్వితే కాలి ఎర్రబడ్డ మట్టి పొర ఇప్పటికీ తగులుతుంది. చివరి యుద్ధంలో బౌడికా ఓడిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆర్థికాధికారి క్లాసిసియానస్, ప్రతీకారం ఆపమని రోమ్‌కి రాశాడు. ఆయన గాల్ మనిషి. ఆయన భార్య, రోమ్ పక్షాన నిలిచిన ట్రెవెరీ అనే గాల్ తెగ దొర ఇండస్ కూతురు. లండన్‌లో దొరికిన ఆయన సమాధిరాయి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

గెలిచాక రోమన్లు తెగల్ని రద్దు చేశారా?

లేదు, వాడుకున్నారు. తెగ పేరునే జిల్లా పేరు చేసి, దానికో ముఖ్యపట్టణం, ఆ పట్టణంలో స్థానిక దొరలతో ఒక మండలి పెట్టారు. ఈ జిల్లాని లాటిన్‌లో కివిటాస్ అనేవారు. పన్ను వసూలు, రోడ్లు, చిన్న తగాదాలు ఆ మండలి చూసుకునేది. రోమ్‌కి ఖర్చు తక్కువ, స్థానిక దొరకి పరువు మిగిలేది. గాల్‌లో లియోన్ దగ్గర క్రీ.పూ. 12లో ఒక బలిపీఠం కట్టి, అరవై తెగల ప్రతినిధులు ఏటా కూడే సభ ఏర్పాటు చేశారు. క్రీ.శ. 48లో క్లాడియస్ గాల్ దొరల్ని రోమ్ సెనేట్‌లోకి రానిచ్చాడు. మొదట అవకాశం దక్కింది పాత 'సోదరులు' ఎడ్యుయీలకే. ఆ ప్రసంగం చెక్కిన కంచు ఫలకం 1528లో లియోన్‌లో బయటపడింది.

నన్నడిగితే తెగ పేర్లు ఇన్ని శతాబ్దాలు నిలవడానికి కారణం స్వాభిమానం కన్నా ఈ పన్ను లెక్కలే. కొన్ని ఆధారాలు చూడండి.

రోమన్లని పాతికేళ్ళు ముప్పుతిప్పలు పెట్టిన సిలూరీస్ ఉన్నారు కదా. వాళ్ళ పట్టణం కేర్వెంట్‌లో సుమారు క్రీ.శ. 220 నాటి రాయి దొరికింది. 'మండలి తీర్మానం ప్రకారం సిలూరీస్ జిల్లా' ఒక రోమన్ సేనాధిపతికి నిలబెట్టిన విగ్రహపు పీఠం అది. తాతముత్తాతలు గెరిల్లా యుద్ధం చేస్తే మనవలు తీర్మానాలు చేశారు.

లండన్‌లో దొరికిన చెక్క పలక మీద క్రీ.శ. 118 మార్చి 14 నాటి భూమి దస్తావేజు సంగతి ఉంది. కెంట్ జిల్లాలోని వెర్లూసియోనియం అనే అడవి, ఎక్కువో తక్కువో 15 అరెపెన్నియాలు, అంటే దాదాపు నాలుగున్నర ఎకరాలు. జూలియస్ బెల్లికస్ దాన్ని 40 డెనారీలకి (రోమన్ వెండి నాణేలు) కొన్నాడు. ఒక పక్క ఫలానావాళ్ళ వారసుల అడవి, ఇంకో పక్క ఊరి దారి అని హద్దులతో సహా రాసి ఉంది, అచ్చం మన రిజిస్ట్రేషన్ కాగితంలా. చట్టం రోమ్‌ది, భాష లాటిన్, తెగ పేరు కెంట్‌ది, కొలత మాత్రం గాల్ వాళ్ళది.

బ్రిటన్ ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడలో దొరికిన రాళ్ళ మీద డమ్నోనీ, డురోట్రిగీస్, కాటువెల్లౌనీ జిల్లాల పేర్లున్నాయి. ఆ ముక్క పని చేసింది ఆ జిల్లాల మనుషులని. దక్షిణపు కొసన ఉన్నవాళ్ళని ఉత్తరాన గోడ పనికి పంపారన్నమాట.

అదే గోడ తూర్పు చివర సౌత్ షీల్డ్స్‌లో ఒక సమాధిరాయి ఉంది. రెజీనా, వయసు 30, కాటువెల్లౌనీ తెగ మనిషి. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటీస్ ఆమెని బానిసత్వం నుంచి విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో కదురు, పక్కన ఊలు ఉండల బుట్టతో ఆమె బొమ్మ చెక్కించాడు. లాటిన్ రాత కింద తన భాషలో ఒక వరుస: 'రెజీనా, బరాటీస్ విడిపించిన మనిషి, అయ్యో.' రోమన్లు వచ్చి వంద, నూట యాభై ఏళ్ళయినా ఆమె ఎవరని చెప్పడానికి తెగ పేరు కావలసి వచ్చింది.

వాళ్ళ భాషలు, పంచాంగం ఏమయ్యాయి?

గాల్ భాష కొన్ని శతాబ్దాలు పల్లెల్లో బతికి పోయింది. బ్రిటన్ భాష నుంచి వెల్ష్, కార్నిష్, బ్రెటన్ వచ్చాయి. ఫ్రాన్స్‌లోని కొలిన్యీలో 1897లో ముక్కలుగా దొరికిన కంచు పంచాంగం గాల్ భాషలోనే ఉంది. ఐదేళ్ళకి 62 నెలలు, వాటిలో రెండు అధిక మాసాలు. ప్రతి నెలా రెండు పక్షాలు, నెలలకి మంచివి, కానివి అన్న గుర్తులు.

తెగల పేర్లు ఊళ్ళకి ఎలా మిగిలాయి?

గాల్‌లో పట్టణం అసలు పేరు పోయి తెగ పేరే అతుక్కుంది. లుటేషియా పారిస్ అయింది. అలాగే రెమీల రీమ్స్, అంబియానీల అమియాన్, కార్నూట్ల షార్ట్ర్, ట్రెవెరీల ట్రియర్, నామ్నెట్ల నాంట్, టురోన్ల టూర్. బ్రిటన్‌లో అంతగా జరగలేదు. కెంట్, డెవన్, వేల్స్‌లో డెమెటీల పేరు మోసే డావెడ్ లాంటివి కొన్ని నిలిచాయి.

బైబిల్లోని గలతీయులకు వీళ్ళతో సంబంధం ఉందా?

ఉంది. క్రీ.పూ. 279లో గ్రీస్ మీద పడ్డ గాల్ గుంపుల్లో కొన్ని మరుసటి ఏడాది సముద్రం దాటి నేటి టర్కీలోకి వెళ్ళి స్థిరపడ్డాయి. టోలిస్టోబోగీలు, టెక్టోసాగులు, ట్రోక్మీలు అనే మూడు తెగలు. అంకారా టెక్టోసాగుల కేంద్రం. వాళ్ళ వల్లే ఆ నేలకి గలతీయ అని పేరు. క్రీ.పూ. 25లో అది రోమన్ రాష్ట్రమైంది, అయితే ఆ రాష్ట్రంలోకి దక్షిణాన వేరే జనాలున్న ఊళ్ళు కూడా చేరాయి. పౌలు పత్రిక రాసింది పాత తెగల వాళ్ళకా, దక్షిణ ఊళ్ళ వాళ్ళకా అన్నది పండితుల మధ్య నడుస్తున్న వాదం.

అప్పుడు మన దగ్గర ఎవరు ఏలుతున్నారు?

శాతవాహనులు. రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు నల్గొండ జిల్లాలోనూ దొరికాయి. హేడ్రియన్ గోడ దగ్గరి విండోలాండా కోటలో దొరికిన చెక్క పలక మీద మిరియాలకి రెండు డెనారీలు అని పద్దు ఉంది. ఆ మిరియాలు మన దేశపు పడమటి తీరం సరుకు.

రోమ్‌కి లొంగని తెగలు ఉన్నాయా?

ఐర్లాండ్‌లో రోమన్ల పాలన ఎప్పుడూ లేదు. స్కాట్లాండ్ ఉత్తరాన కాలెడోనీలని క్రీ.శ. 83 ప్రాంతంలో రోమన్ గవర్నర్ అగ్రికోలా మోన్స్ గ్రౌపియస్ దగ్గర ఓడించాడు గానీ, సైన్యాలు అక్కడ నిలవలేదు. మధ్యలో ఎడిన్‌బరా వైపు ఉన్న వోటదినీలది తెలివైన పద్ధతి. ఎక్కువకాలం గోడకి అవతలే ఉండి రోమ్‌తో సర్దుకుపోయారు. వాళ్ళ ట్రాప్రెయిన్ లా కొండ మీద 1919లో 20 కిలోలకు పైగా రోమన్ వెండి దొరికింది. పళ్ళేలు, గిన్నెలు నరికి, మడతపెట్టి తూకానికి సిద్ధంగా ఉంచారు. జీతమో లంచమో, దోచుకున్నదో అని ఇప్పటికీ వాదించుకుంటారు. రోమన్లు పోయాక వీళ్ళే గొడోద్దిన్ పేరుతో వెల్ష్ కవిత్వంలోకి ఎక్కారు.

ఇవన్నీ చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

సమయం ఒక్క పూటే ఉంటే బ్రిటిష్ మ్యూజియం. అక్కడ నార్ఫోక్‌లోని స్నెటిషామ్‌లో 1950లో దొరికిన పెద్ద కంఠాభరణాన్ని దగ్గర నుంచి చూడండి. కిలోకి పైగా బరువు. ఎనిమిదేసి తీగలు పేని ఒక తాడు, అలాంటి ఎనిమిది తాళ్ళని మళ్ళీ మెలితిప్పి చేశారు. ఐసీనీల నేలలో, బౌడికాకి వందేళ్ళకి పైగా ముందు పాతిపెట్టింది.

ఊరి బయటికి వెళ్ళే ఓపిక ఉంటే సిల్చెస్టర్ మేలు. రోమన్లు పోయాక ఆ పట్టణం మీద ఇంకో ఊరు లేవలేదు కాబట్టి, చుట్టూ కోటగోడ అలాగే ఉంది, మధ్యలో పొలాలు. డోర్సెట్‌లో మెయిడెన్ కాజిల్‌కి వెళ్తే గాలికి టోపీ నిలవదు, బూట్లు మంచివి వేసుకోండి. అక్కడ రోమన్లు ఊచకోత కోశారని బోర్డుల్లో, పాత పుస్తకాల్లో చదివితే మాత్రం కాస్త ఆగండి. 1930లలో తవ్విన మోర్టిమర్ వీలర్ అలా చెప్పాడు. ఆ అస్థిపంజరాలు ఒకే రోజువి కావని, చాలా ఏళ్ళ మీదుగా చచ్చిపోయినవాళ్ళవని తాజా పరీక్షలు చెబుతున్నాయి. సిలూరీస్ రాయి కేర్వెంట్ చర్చి వాకిట్లోనే ఉంటుంది, టికెట్ అక్కర్లేదు.